ఇంజిన్‌ని చల్లబరిచిన అనాథ

ఘాట్ రోడ్డు మలుపులో పాత బెంజి లారీ ఒకటి ఆగి ఉంటుంది. బానెట్ ఎత్తి ఉంటుంది. లోపల్నుంచి బుసబుసా ఆవిరి. క్లీనరు చేతికి గోనెగుడ్డ చుట్టుకుని రేడియేటర్ మూత కొద్దికొద్దిగా తిప్పుతుంటాడు. పక్కన నీళ్ల డబ్బా. సరిహద్దు జిల్లాల రోడ్ల మీద తిరిగిన పాతతరం వాళ్లకి ఈ దృశ్యం కొత్తగా చెప్పక్కర్లేదు. టాటా వాళ్లు జర్మనీ డైమ్లర్-బెంజ్ కంపెనీతో కలిసి 1954 నుంచి 1969 దాకా జంషెడ్‌పూర్‌లో చేసిన లారీలవి. ముందు మూడు కొమ్మల నక్షత్రం ఉండేది. ఆ నక్షత్రం ఏ కంపెనీదో చాలామందికి తెలుసు. దాని వెనకున్న రేడియేటర్‌కి తొలి రూపం ఇచ్చిందెవరో తెలిసినవాళ్లు మాత్రం తక్కువే.

ఆయన పేరు విల్హెల్మ్ మేబాక్. పుస్తకాల్లో మోటారు కారు కనిపెట్టినవాళ్లుగా కార్ల్ బెంజ్, గాట్లీబ్ డైమ్లర్ పేర్లు ముందుంటాయి. కారుకి మెర్సిడెస్ అనే పేరు ఒక వ్యాపారి కూతురి నుంచి వచ్చింది. మేబాక్ పేరు ఆ వరుసలో ఎక్కడో చివర్న ఉంటుంది. కానీ ఇంజిన్ అనేది పది మైళ్లకోసారి నీళ్లు అడక్కుండా, కొండెక్కేటప్పుడు ఉడికిపోకుండా, గంటల తరబడి ఒకే వేడి మీద పరుగెత్తగలదని మొదట చేసి చూపించింది ఆయనే. ఆ ఒక్క పని జరగకపోతే స్పోర్ట్స్ కారు అనే మాటే పుట్టేది కాదు.

పేపర్లో వేసిన ప్రకటన

1846 ఫిబ్రవరి 9న వుర్టెంబర్గ్ రాజ్యంలోని హైల్‌బ్రాన్‌లో మేబాక్ పుట్టాడు. అప్పటికింకా జర్మనీ ఒకే దేశం కాలేదు. తండ్రి వడ్రంగి. పిల్లవాడికి ఎనిమిదేళ్లప్పుడు కుటుంబం బతుకుతెరువు కోసం స్టుట్‌గార్ట్ చేరింది. 1856లో తల్లి పోయింది. తండ్రీ పోయాడు. ఐదుగురు అన్నదమ్ములు వీధిన పడ్డారు. దయగలవాళ్లెవరైనా ఈ పిల్లల్ని చేరదీయండంటూ బంధువులు స్టుట్‌గార్ట్ పత్రికలో ప్రకటన వేయించారు. పత్రికలో చిన్న ప్రకటన ఒక బతుకుని మార్చిందంటే అతిశయోక్తిలా ఉంటుందిగానీ, ఇక్కడ నిజంగానే అది జరిగింది.

రాయ్ట్లింగెన్ అనే ఊళ్లో గుస్తావ్ వెర్నర్ అనే పాస్టర్ ఒక ఆశ్రమం నడిపేవారు. అనాథలకి తిండీ గుడ్డా ఇవ్వడంతో సరిపెట్టకుండా చేతికో పని నేర్పాలన్నది ఆయన పట్టుదల. అందుకే ఆశ్రమానికి సొంత యంత్రాల కార్ఖానా ఉండేది. విల్హెల్మ్ అక్కడ చేరాడు. పిల్లవాడు బొమ్మలు బాగా గీస్తాడని, లెక్కలు త్వరగా పట్టేస్తాడని వెర్నర్ కనిపెట్టాడు. పదిహేనేళ్లకే కార్ఖానా డ్రాయింగ్ గదిలో కూర్చోబెట్టాడు. పగలంతా యంత్రాల నక్షాలు గీయడం, సాయంత్రం ఊళ్లో బడికెళ్లి లెక్కలూ ఫిజిక్సూ చదువుకోవడం. ఇదే ఆయన కాలేజీ.

1863లో ఆ కార్ఖానాకి మేనేజరుగా గాట్లీబ్ డైమ్లర్ వచ్చాడు. మేబాక్ కంటే పన్నెండేళ్లు పెద్ద. కుర్రవాడి గీతలోని నేర్పు డైమ్లర్ కంటపడింది. ఇక అక్కణ్నుంచి ఇద్దరిదీ ఒకే దారి. డైమ్లర్ 1869లో కార్ల్స్‌రూహెకి మారితే మేబాక్ వెనకే వెళ్లాడు. 1872లో కొలోన్ దగ్గరి డాయిట్జ్ ఇంజిన్ల కంపెనీకి మారితే అక్కడికీ వెళ్లాడు. అక్కడ 1873కల్లా డిజైన్ విభాగానికి పెద్దయ్యాడు. అప్పటికి నిండా ఇరవయ్యేడేళ్లు. ఆలోచన ఎవరిది, చేత ఎవరిది అని విడదీయడం ఈ ఇద్దరి విషయంలో కష్టం. ఎక్కువసార్లు పేరు పెద్దాయనకి వెళ్లింది, గీత మాత్రం చిన్నాయనది.

వేగం పెరిగితే వేడి

డాయిట్జ్‌లో నికొలాస్ ఓటో 1876లో నాలుగు స్ట్రోకుల ఇంజిన్ చేశాడు. ఇప్పటికీ పెట్రోలు బళ్లు నడిచేది ఆ సూత్రం మీదే. కానీ అది గది మూలన బిగించే ఇంజిన్. బరువెక్కువ. నిమిషానికి నూటయాభై, నూటఎనభై చుట్లు తిరిగితే గొప్ప. దాన్ని చల్లబరచడం పెద్ద సమస్య కాదు. పక్కన పెద్ద తొట్టి పెట్టి నీళ్లు తిప్పితే సరి. కదలని ఇంజిన్‌కి తొట్టి ఎంత పెద్దదైతే ఏం?

డైమ్లర్‌కి కావలసింది వేరు. బండికీ పడవకీ బిగించగల చిన్న ఇంజిన్ కావాలి. యాజమాన్యంతో మాటామాటా పెరిగి 1882లో బయటకొచ్చేశాడు. స్టుట్‌గార్ట్ పక్కన కాన్‌స్టాట్‌లో ఇల్లు కొని, తోటలోని మొక్కల గదిని వర్క్‌షాపుగా మార్చాడు. మేబాక్ అప్పటికి పెళ్లైనవాడు, కార్ల్ అనే కొడుకు తండ్రి. అయినా స్థిరమైన ఉద్యోగం వదులుకుని వచ్చేశాడు. రాత్రీపగలూ తలుపులు వేసుకుని వీళ్లు చేస్తున్న చప్పుడు విని దొంగనోట్లు అచ్చేస్తున్నారేమోనని తోటమాలికి అనుమానం వచ్చిందట. పోలీసులు వచ్చి వెతికితే ఇంజిన్లు తప్ప ఇంకేమీ దొరకలేదు.

ఆ మొక్కల గదిలో పుట్టిన ఇంజిన్ నిమిషానికి ఆరువందల చుట్లు దాటింది. 1885లో దాన్ని ఒక చెక్క బండికి బిగించారు. లోకంలో మొదటి మోటారు సైకిల్‌గా దాన్నే చాలామంది లెక్కేస్తారు. ఇంజిన్ శక్తి అర హార్స్‌పవర్. ఆ నవంబర్‌లో డైమ్లర్ కొడుకు పాల్ దాన్ని నడిపినప్పుడు సీటు కింద ఉన్న ఎర్రగా కాలిన గొట్టం వేడికి సీటు అంటుకుందని చెబుతారు. వినడానికి నవ్వొస్తుంది. అసలు చిక్కు మాత్రం అక్కడే ఉంది. నిమిషానికి ఎన్ని చుట్లు ఎక్కువైతే అన్ని పేలుళ్లు ఎక్కువ, అంత వేడి ఎక్కువ. ఇంజిన్‌ని వేగంగా తిప్పింది మేబాకే. ఆ వేగం తెచ్చిపెట్టిన వేడిని ఏం చేయాలో తేల్చాల్సిన బాధ్యతా ఆయన మీదే పడింది.

ఆ వేడి సంగతి కొంచెం చెప్పుకోవాలి. సిలిండర్‌లో పెట్రోలు మండినప్పుడు మంట వేడి సుమారు 2,000 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. సిలిండర్ పోతపోసిన ఇనుము అంతకంటే చాలా తక్కువ వేడికే కరిగిపోతుంది. అది కరక్కుండా నిలబడేది ఒక్కో మంట క్షణంలో వచ్చి పోతుంది గనక, చుట్టూ నీళ్లు తిరుగుతుంటాయి గనక. మండిన ఇంధనంలోని శక్తిలో ఇంచుమించు మూడో వంతు ఈ నీళ్లలోకే వెళ్లిపోతుంది. ఇంకో పెద్ద వాటా పొగతోపాటు బయటికి పోతుంది. చక్రాలకి దక్కేది మిగిలింది. ఆ నీళ్లు వేడిని ఎక్కడా దించుకోలేకపోతే ఆయిల్ పలచబడి మాడుతుంది, పిస్టన్ ఉబ్బి సిలిండర్‌లో పట్టేస్తుంది. మెకానిక్కులు ఇంజిన్ సీజ్ అయిందనేది దీన్నే.

తొలి కార్లు దీనికి కనిపెట్టిన ఉపాయం మొరటుది. నీళ్లని మరగనిచ్చేవాళ్లు. మరిగిన నీళ్లు ఆవిరై వేడిని తీసుకుపోతాయి. పోయినంత మళ్లీ పోయాలి. కార్ల్ బెంజ్ 1886 నాటి మూడు చక్రాల కారు ఇలాంటిదే. 1888 ఆగస్టులో ఆయన భార్య బెర్తా ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కి వంద కిలోమీటర్ల పైచిలుకు వెళ్లింది. కారులో అంత దూరం వెళ్లడం అదే మొదటిసారి. దారిపొడుగునా నీళ్లు దొరికిన చోటల్లా ఆగి పోసుకుంటూనే ఉంది.

మేబాక్ 1889లో పారిస్ ప్రదర్శన కోసం ఒక కారు గీశాడు. ఉక్కు చువ్వల చక్రాలు, సైకిల్ లాంటి గొట్టాల చట్రం. ఆ చట్రం గొట్టాల్లోనే నీళ్లు తిప్పాడు! బండి కదిలితే గొట్టాలకి గాలి తగులుతుంది, నీళ్లు చల్లారతాయి. తెలివైన పనే. కానీ చిన్న ఇంజిన్‌కే సరిపోతుంది. నాలుగు సిలిండర్లు పెట్టి ముప్పై హార్స్‌పవర్ తీయాలంటే గొట్టాల మీద తగిలే గాలి ఏ మూలకి?

హోటల్ హాల్లో కార్ఖానా

1890లో డబ్బున్న భాగస్వాముల్ని కలుపుకుని డైమ్లర్ కంపెనీ పెట్టారు. మేబాక్‌కి వాళ్లు చూపిన షరతులు ఒప్పుకోదగినవిగా లేవు. 1891 ఫిబ్రవరిలో వెళ్లిపోయాడు. డైమ్లర్‌కీ కొత్త భాగస్వాములతో పొసగలేదు. ఆయన తన చేతి డబ్బు ఇచ్చి మేబాక్ చేత విడిగా పని చేయించాడు. ముందు ఇంట్లో, తర్వాత కాన్‌స్టాట్‌లో మూతపడ్డ హెర్మన్ హోటల్ హాల్లో. పెట్రోలుని సన్నటి తుంపరగా చిమ్మే కార్బురేటర్ 1893లో అక్కడే తయారైంది. ఫీనిక్స్ ఇంజిన్ కూడా అక్కడిదే. అవతల కంపెనీకి వీళ్లిద్దరూ లేక సరుకు అమ్ముడుపోలేదు. ఫ్రెడరిక్ సిమ్స్ అనే వ్యాపారి ఇంగ్లండ్ హక్కుల కోసం మూడున్నర లక్షల మార్కులు ఇస్తానన్నాడుగానీ, డైమ్లర్ తిరిగొస్తేనేనని పట్టుబట్టాడు. అలా 1895లో ఇద్దరూ వెనక్కొచ్చారు. మేబాక్ టెక్నికల్ డైరెక్టరయ్యాడు.

నీళ్ల చిక్కు ఆయన బుర్రలోంచి పోలేదు. 1897లో పలకలాంటి ఒక నీళ్ల డబ్బా చేసి, దాన్ని అడ్డంగా చీల్చుకుంటూ సన్న గొట్టాలు వరసగా పెట్టాడు. గొట్టాల్లోంచి గాలి పోతుంది, గొట్టాల చుట్టూ నీళ్లు ఉంటాయి. ఫీనిక్స్ కార్లకి దీన్నే వాడారు. గుండ్రటి గొట్టాలు కావడంతో వాటి మధ్య సందులు ఒకచోట వెడల్పు, ఒకచోట ఇరుకు. మధ్యలో చేరిన నీళ్లకి గొట్టం గోడ తగలదు. ఊరికే బరువు మోయడమే.

నీస్ కొండ దారి

ఇంతలో కథలోకి ఎమిల్ జెల్లినెక్ వచ్చాడు. ఫ్రాన్స్ దక్షిణ తీరంలోని నీస్‌లో ఉంటూ ధనవంతులకి కార్లు అమ్మే వ్యాపారి. దూకుడు మనిషి. పందేల్లో తన కూతురి పేరు మెర్సిడెస్‌నే మారుపేరుగా పెట్టుకునేవాడు. ఎప్పుడూ ఇంకా వేగం, ఇంకా శక్తి కావాలని కంపెనీ ప్రాణం తీసేవాడు. 1900 మార్చి 6న డైమ్లర్ కన్నుమూశాడు. ముప్పై అయిదేళ్ల తోడు పోయిన ఆ నెలలోనే, 30వ తేదీన, నీస్ నుంచి లా తుర్బీ కొండెక్కే పందెంలో డైమ్లర్ ఫీనిక్స్ కారు మలుపు తిరగలేక రాతిని గుద్దుకుంది. నడుపుతున్న విల్హెల్మ్ బౌవర్ చనిపోయాడు. ఎత్తుగా, పొట్టిగా, ముందు బరువుతో ఉన్న బండి అది. పందేలే మానేద్దామన్న మాట కంపెనీలో వచ్చింది.

జెల్లినెక్ ఒప్పుకోలేదు. కారు పొడవుగా, కిందికి ఉండాలి, ఇంజిన్ తేలిగ్గా, బలంగా ఉండాలి అన్నాడు. ఏప్రిల్‌లో 36 కార్లకి ఆర్డరిచ్చాడు. అయిదున్నర లక్షల మార్కుల బేరం. కొత్త కారుకి తన కూతురి పేరే ఉండాలన్నాడు. దుఃఖం తీరకముందే మేబాక్ డ్రాయింగ్ బల్ల ముందు కూర్చోవలసి వచ్చింది.

8,070 గొట్టాలు

ఆ కొన్ని నెలల్లో ఆయన గీసిన కారు గురించి చెప్పాలంటే పేజీలు చాలవు. నాలుగు సిలిండర్లు, 5.9 లీటర్లు, 35 హార్స్‌పవర్. వత్తిన ఉక్కు చట్రం. అన్నీ బావున్నాయి. కానీ 35 హార్స్‌పవర్ ఇంజిన్ వేడిని దించలేకపోతే ఇవన్నీ వృథా. బరువు తగ్గాలంటే నీళ్లు తగ్గాలి. నీళ్లు తగ్గితే ఉడుకుతుంది. ఈ పీటముడి ఎలా విప్పాలి?

గుండ్రటి గొట్టాలు తీసేశాడు. ఆరు మిల్లీమీటర్ల పలకల గొట్టాలు, ఒకటీ రెండూ కాదు, 8,070 గొట్టాలు పక్కపక్కన పేర్చి చివర్లు టంకం వేశాడు. ముందునుంచి చూస్తే తేనెపట్టే. గొట్టాల్లోంచి గాలి దూసుకుపోతుంది. నాలుగు పలకలూ సమంగా ఉండడంతో గొట్టానికీ గొట్టానికీ మధ్య అంతటా ఒకేలాంటి సన్నటి సందు మిగిలింది. నీళ్లు ఆ సందుల్లోంచే దిగాలి. ప్రతి చుక్కా ఏదో ఒక గోడకి రాసుకుంటూ పోవాల్సిందే. దాంతో అంతకుముందు కావలసిన నీళ్లలో సగం, అంటే 9 లీటర్లు సరిపోయాయి. మన ఇళ్లలో ఒక బకెట్టు కూడా నిండవు. కారు నెమ్మదిగా పోయేటప్పుడు గాలి చాలదు గనక వెనకాల ఒక చిన్న ఫ్యాన్ పెట్టాడు. ఇవాళ ట్రాఫిక్‌లో ఆగిన కారు ముందు బుయ్యిమని తిరిగే ఫ్యాన్ చేసేదీ అదే పని.

తొలి కారు 1900 డిసెంబర్ 22న జెల్లినెక్‌కి వెళ్లింది. 1901 మార్చిలో నీస్ పందేల వారం. ఏడాది కిందట బౌవర్ ప్రాణం తీసిన అదే లా తుర్బీ కొండ. విల్హెల్మ్ వెర్నర్ అనే డ్రైవరు కొత్త కారు ఎక్కి గెలిచాడు. (ఆశ్రమం పాస్టర్ ఇంటి పేరూ వెర్నరే, చుట్టరికం మాత్రం లేదు.) నీస్ నుంచి సలోన్ వెళ్లి తిరిగొచ్చే 392 కిలోమీటర్ల పందెం కూడా అతనిదే. కొండెక్కడానికి ఒక్కసారి పుంజుకుంటే చాలు. దాదాపు నాలుగువందల కిలోమీటర్లు జోరు తగ్గకుండా పోవాలంటే మాత్రం ఇంజిన్ చల్లగా ఉండి తీరాలి. మేబాక్ జాలీ నిజంగా నెగ్గింది ఈ రెండో పందెంలో అనుకోవచ్చు. ఆ తర్వాత యూరప్‌లో కార్లు చేసేవాళ్లంతా ఇంజిన్ ముందు, దాని ముందు రేడియేటర్ అన్న ఈ వరుసనే పట్టుకున్నారు.

చల్లగా అంటే ఎంత చల్లగా? ఇక్కడే చాలామంది పొరబడతారు. ఇంజిన్ మరీ చల్లగా ఉన్నా చేటే. పెట్రోలు సరిగ్గా ఆవిరి కాక సిలిండర్ గోడల మీద చెమ్మలా పట్టి ఆయిల్‌ని కడిగేస్తుంది, అరుగుదల పెరుగుతుంది. అందుకే తర్వాతి తరం ఇంజనీర్లు థర్మోస్టాట్ అనే తలుపు పెట్టారు. నీళ్లు కాగేదాకా అది రేడియేటర్ దారి తెరవదు. 1950, 60ల నాటి బ్రిటిష్ స్పోర్ట్స్ కార్లలో మామూలుగా 82 డిగ్రీల దగ్గర తెరుచుకునేది వాడేవారు. ఎండ దేశాలకి 74 డిగ్రీలది, చలి దేశాలకి 88ది. కాబట్టి పాత ఎంజీ గానీ జాగ్వార్ గానీ నడిపేవాళ్లకి మీటరు ముల్లు 80, 90 మధ్య నిలబడితే కంగారు అక్కర్లేదు, అదే దాని ఆరోగ్యం. ట్రాఫిక్‌లో ఇంకాస్త ఎక్కి, రోడ్డు ఖాళీ కాగానే దిగితే కూడా భయం లేదు. ఎక్కి దిగకపోతేనే లోపల ఏదో పూడుకుందని అర్థం. మూత గట్టిగా బిగించి లోపల ఒత్తిడి పెంచితే నీళ్లు 100 డిగ్రీలకి మరగవు. ఏడు పౌండ్ల మూతతో మరిగే వేడి 110 దాకా పోతుంది. వేడి మీద మూత తీస్తే నీళ్లు ఒక్కసారిగా మొహం మీదికి చిమ్మేది అందుకే. మొదట్లో చెప్పుకున్న క్లీనరు గోనెగుడ్డ చుట్టుకునేదీ అందుకే. మేబాక్ నాటికి ఈ మూతా లేదు, ఈ తలుపూ లేదు. ఆ సన్న సందుల్నే నమ్ముకున్నాడు.

పేరు ఇంకొకరిది

1902లో కంపెనీ మెర్సిడెస్ పేరుని చట్టబద్ధంగా తనది చేసుకుంది. ఫ్రెంచివాళ్లు మేబాక్‌ని డిజైనర్ల రాజుగా పిలిచేవారు. సొంత కంపెనీలో మాత్రం ఆయన మాట తగ్గుతూ వచ్చింది. డైమ్లర్ లేడు. పైవాళ్లు పాల్ డైమ్లర్ డిజైన్ల వైపు మొగ్గారు. 1906లో మేబాక్ ఆరు సిలిండర్ల పందెం ఇంజిన్ ఒకటి చేశాడు, 120 హార్స్‌పవర్. కాలానికి ముందున్న ఇంజిన్. దానికీ దక్కవలసిన ఆదరణ దక్కలేదు. 1907 వసంతంలో, అరవయ్యొక్క ఏళ్ల వయసులో, తాను నిలబెట్టిన కంపెనీ నుంచి బయటికి నడిచాడు.

పంతానికి పోటీ కారు పెట్టలేదు. ఆకాశం వైపు చూశాడు. 1908 ఆగస్టులో కౌంట్ జెప్పెలిన్ గాలి ఓడ ఎక్టర్‌డింగెన్ దగ్గర తగలబడిపోయింది. జనం చందాలు వేసుకుని అరవై లక్షల మార్కులకి పైగా పోగుచేసి ఆ ముసలాయనకి ఇచ్చారు. గాలి ఓడలకి మంచి ఇంజిన్ కావాలి. 1909లో దానికోసమే ఒక కంపెనీ పుట్టింది. సాంకేతిక బాధ్యతలు కొడుకు కార్ల్‌కి అప్పగించి తండ్రి సలహాదారుగా ఉన్నాడు. ఆ కార్ఖానా తర్వాత ఫ్రీడ్రిక్స్‌హాఫెన్‌కి మారింది. మొదటి యుద్ధం అయ్యాక జర్మనీ విమానాల ఇంజిన్లు చేయకూడదని వెర్సాయ్ ఒప్పందం కట్టడి చేసింది. కార్ల్ కార్లు మొదలెట్టాడు. 1921లో బెర్లిన్ ప్రదర్శనలో మేబాక్ అనే పేరు మొదటిసారి ఒక కారు మీద కనిపించింది. అప్పటికి పెద్దాయనకి డెబ్బై అయిదేళ్లు.

కాలేజీ గడప తొక్కని ఆయనకి 1916లో స్టుట్‌గార్ట్ సాంకేతిక విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. 1926లో డైమ్లర్, బెంజ్ కంపెనీలు ఒక్కటి కావడం కూడా ఆయన చూశాడు. 1929 డిసెంబర్ 29న, ఎనభై మూడో ఏట, కాన్‌స్టాట్‌లోనే కన్నుమూశాడు. అక్కడి ఊఫ్ శ్మశానంలో సమాధి చేశారు. అదే శ్మశానంలో గాట్లీబ్ డైమ్లర్ సమాధి కూడా ఉంది.